లూసర్న్... నలభై నిమిషాల ఊరు కాదు!

‘‘స్విట్జర్లాండ్ అంతా పాటల్లో చూసేశాం కదే. అంత డబ్బు పోసి నడవడానికి వెళ్లడం ఏంటి?’’ టికెట్లు బుక్ చేశానని చెప్పగానే అమ్మ అన్న మాట ఇది.

అమ్మది విజయవాడ. లెక్కల టీచరుగా రిటైరైంది. నాకేమో జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం. ఈ వేసవిలో అమ్మ నా దగ్గరికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మోకాళ్ల నొప్పులని బాల్కనీ దాటింది తక్కువ. నేను ఆఫీసుకెళ్లడం, తను పప్పు వండి నాకోసం ఎదురుచూడటం... ఇలాగే రెండు నెలలు గడిచిపోయాయి. తిరుగు టికెట్ దగ్గర పడుతుంటే నాకు కంగారు మొదలైంది. పదేళ్ల తర్వాత తలుచుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒక్క ఊరైనా ఉండాలి కదా అనిపించింది.

లూసర్న్ ఎందుకంటే, దానికీ ఓ కారణం ఉంది. అమ్మ స్నేహితురాలు ఒకావిడ కిందటేడు గ్రూప్ టూర్‌లో యూరప్ చుట్టేసి వచ్చారు. లూసర్న్ గురించి అడిగితే ఆవిడకి గుర్తున్నవి మూడే... చెక్క వంతెన, వాచీల షాపు, ‘నలభై నిమిషాల్లో అందరూ బస్సెక్కాలి’ అన్న గైడు మాట. ఆ మాట ఎందుకో నాకు గుచ్చుకుంది. గైడు లేకుండా, బస్సు లేకుండా, అమ్మ మోకాళ్లు ఎంత వేగంగా నడిస్తే అంత వేగంతో ఆ ఊరు చూడాలనుకున్నాను.

నడక మొత్తం కలిపి నాలుగైదు కిలోమీటర్లు మించదు. నేను ముందురోజు రాత్రే ఫోన్‌లో మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో దించుకుని, చూడాల్సిన చోట్లన్నీ వరసగా గుర్తు పెట్టుకున్నాను. ఇది చాదస్తం అనుకోకండి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. జర్మనీ సిమ్ యూరప్ అంతా పనిచేస్తుంది కదా అని క్రితంసారి ధీమాగా డేటా వాడేసి, నెలాఖర్లో బిల్లు చూసి కళ్లు తిరిగిన అనుభవం నాది. అందుకే ఈసారి సరిహద్దు దాటగానే డేటా ఆఫ్. అనువాదం యాప్‌లో కూడా భాష ముందే దించుకుంటే సరిపోతుంది.

రాత్రికి జ్యూరిక్‌లో ఫ్రెండ్ ఇంట్లో పడుకుని, శనివారం పొద్దున్నే రైలెక్కాం. ముప్పావు గంటలో లూసర్న్.

కాలిపోయినవి దాచుకోని ఊరు

స్టేషన్ బయట అడుగు పెట్టగానే ఎదురుగా ఓ పెద్ద రాతి తోరణం కనిపిస్తుంది. దాని వెనకాల భవనమేమీ ఉండదు. ఒట్టి ద్వారం. పాత స్టేషన్ 1971 ఫిబ్రవరిలో కాలిపోయింది. మిగిలిన ఈ ముఖద్వారాన్ని తీసేయకుండా అలాగే నిలబెట్టారు. ‘‘ఇల్లు పోయి గుమ్మం మిగిలిందన్నమాట’’ అంది అమ్మ.

పక్కనే సరస్సు ఒడ్డున, పొడవాటి కప్పుతో కత్తిలా మెరిసే కచేరీ భవనం. ఫ్రెంచి ఆర్కిటెక్ట్ జాన్ నువెల్ కట్టింది. దాన్ని సరస్సులోకి చొచ్చుకొచ్చేలా కడతానని ఆయన పట్టుబట్టాడట. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. భవనం నీళ్లలోకి వెళ్లలేకపోతే నీళ్లే భవనంలోకి వస్తాయని లోపలికి కాలవలు తవ్వించాడు. ఆ కప్పు కిందకి వెళ్లి తలెత్తి చూడండి, సరస్సు అలల వెలుగు పైన కదులుతుంటుంది. ఐదు నిమిషాలు చాలు. మేం అంతకంటే ఆగలేదు.

అక్కణ్నుంచి అందరూ వచ్చేది దేనికోసమో దాని దగ్గరికి వెళ్లాం. కపెల్‌బ్రూకె, అంటే చాపెల్ బ్రిడ్జి. రాయిస్ నది మీద పైకప్పుతో ఏటవాలుగా సాగిపోయే చెక్క వంతెన. 14వ శతాబ్దం నాటిది. మధ్యలో నీళ్లలోంచి లేచినట్టు ఎనిమిది పలకల రాతి బురుజు. అది వంతెన కంటే పాతది. ఖజానాగా, జైలుగా, చిత్రహింసల గదిగా... ఆ బురుజు చేయని ఉద్యోగం లేదు.

అందరూ వంతెన ముందు సెల్ఫీ దిగి, గబగబా అటు చివరకి వెళ్లిపోతారు. మీరు మాత్రం తలెత్తి నడవండి. కప్పు కింద త్రికోణాకారపు చెక్క పలకల మీద బొమ్మలుంటాయి. స్విట్జర్లాండ్ చరిత్ర, ఆ ఊరి సాధువుల కథలు. 17వ శతాబ్దంలో హాన్స్ హైన్‌రిష్ వేగ్‌మన్ అనే చిత్రకారుడి చేతుల మీదుగా మొదలైన పని అది. ఒక్కో బొమ్మకి ఊళ్లో పెద్ద కుటుంబాలు డబ్బులిచ్చి, కింద తమ వంశ చిహ్నాలు వేయించుకున్నాయి. మన గుళ్లో ఫ్యాన్ల మీద దాతల పేర్లు రాయించుకుంటారే, అలాగన్నమాట.

కాస్త ముందుకెళ్లాక బొమ్మలు అయిపోతాయి. చాలా త్రికోణాలు బోసిగా ఉంటాయి. చెక్క రంగు కూడా మారిపోతుంది. 1993 ఆగస్టు 18 తెల్లవారేలోపు ఈ వంతెనలో ఎక్కువ భాగం కాలిపోయింది. మొదట 158 బొమ్మలుండేవి. మంటల తర్వాత పూర్తిగా బాగుచేయగలిగినవి ఓ 30. వంతెనని మాత్రం ఎనిమిది నెలల్లో మళ్లీ కట్టేసి, 1994 ఏప్రిల్‌లో తెరిచారు.

అంటే మనం ‘ఏడొందల ఏళ్ల వంతెన’ అని ఫొటో తీసుకునే దాంట్లో సగానికి పైగా నాకంటే కొంచెమే పెద్దది! ఈ సంగతి తెలిశాక నాకు మోసపోయినట్టు అనిపించలేదు. ఖాళీల్ని ఖాళీలుగానే వదిలేశారు చూడండి, అది నచ్చింది. అన్నీ కొత్తగా గీయించి మెరిపించేసి ఉంటే మనకి తెలిసేదే కాదు. అమ్మ వేలితో పాత చెక్కనీ కొత్త చెక్కనీ తాకి చూసుకుంటూ నడిచింది. అటు చివరికి చేరడానికి పావుగంట పట్టింది. ఆ లోపల మమ్మల్ని దాటుకుని మూడు గ్రూపులు వెళ్లిపోయాయి.

మంగళవారం, శనివారం పొద్దున్న అయితే నది ఒడ్డున టౌన్‌హాల్ తోరణాల కింద సంత ఉంటుంది. మేం వెళ్లింది శనివారమే కాబట్టి దొరికింది. చెర్రీలు, జున్ను ముద్దలు, రొట్టెలు. అమ్మ ప్రతి ధరనీ తొంభైతోనో వందతోనో గుణించి ‘‘అమ్మో!’’ అనుకుంటూ, చివరికి చెర్రీలు మాత్రం కొనిపించింది. ఆ టౌన్‌హాల్ 1606లో పూర్తయింది. గోడలు ఇటలీ రాజభవనంలా, కప్పు మాత్రం ఇక్కడి రైతు ఇంటి కప్పులా ఉంటుంది. సూటు వేసుకుని తలపాగా చుట్టినట్టు. దాని వెనకాల సందుల్లో గోడలనిండా రంగు బొమ్మలున్న పాత ఇళ్లు, చౌరస్తాకో ఫౌంటెన్. ఫౌంటెన్ నీళ్లు శుభ్రంగా తాగొచ్చు. నీళ్ల బాటిల్ కొన్నారంటే డబ్బులు నదిలో వేసినట్టే. భోజనం కూడా సూపర్ మార్కెట్లో శాండ్‌విచ్ కొనుక్కుని ఒడ్డున కూర్చుని తినడమే మేలు. ఆదివారం వెళ్తే మాత్రం చాలా షాపులు మూసేసి ఉంటాయి, చూసుకోండి.

అమ్మ ఆగిపోయిన చోటు

ఇక్కడి దాకా అంతా నేను వేసుకున్న ప్లాను ప్రకారమే జరిగింది.

నది వెంట కిందికి కాస్త నడిస్తే రెండో చెక్క వంతెన వస్తుంది, ష్ప్రాయర్‌బ్రూకె. ష్ప్రాయర్ అంటే పొట్టు. నది దిగువన చివరిగా ఉన్న వంతెన కాబట్టి, ధాన్యం పొట్టూ ఆకులూ నీళ్లలో పారబోయడానికి ఇక్కణ్నుంచి మాత్రమే అనుమతి ఉండేదట. 1408లో పూర్తయితే 1566 వరదలో పోయింది, మళ్లీ కట్టుకున్నారు. దీని కప్పు కింద బొమ్మలు చూస్తే మొదట కాస్త జంకు పుడుతుంది. ప్రతి పలకలోనూ ఓ అస్థిపంజరం! రాజు పక్కన, బిషప్పు పక్కన, వ్యాపారి పక్కన, పెళ్లికూతురి పక్కన నవ్వుతూ నిలబడి ఉంటుంది. ‘మృత్యు నాట్యం’ అంటారు. కాస్పర్ మెగ్లింగర్ 1626-35 మధ్య వేశాడు. 67లో 45 మిగిలాయి. యూరప్‌ని ప్లేగు పీల్చి పిప్పి చేసిన రోజులవి. ‘‘మన యముడు కనీసం దున్నపోతు మీద వస్తాడు, వస్తున్నట్టు తెలుస్తుంది. ఇతనేంటే, చుట్టంలా భుజం మీద చెయ్యేశాడు’’ అని అమ్మ నవ్వింది.

నవ్వుతూనే వంతెన పక్కకి తిరిగి నది వైపు చూసింది. చూసి, ఆగిపోయింది.

అక్కడ నదికి అడ్డంగా ఓ ఆనకట్ట ఉంది. కాంక్రీటు గోడలా కాదు. నిలువుగా, పక్కపక్కనే నిలబెట్టిన చెక్క కర్రల వరస. వాటి పైన మనిషి నడిచేంత దారి. కర్రల సందుల్లోంచి నీళ్లు తెల్లగా ఉరుకుతుంటాయి. దీన్ని ‘నాడెల్‌వేర్’ అంటారు. సూదుల ఆనకట్ట. ఈ ఊరి ముందున్న సరస్సు వైశాల్యం 114 చదరపు కిలోమీటర్లు. అంత సరస్సు నీటిమట్టం ఎంతుండాలో నిర్ణయించేది ఇక్కడే. మంచు కరిగి, వానలొచ్చి నీళ్లు పెరిగితే కొన్ని కర్రలు పైకి లాగేస్తారు. తగ్గితే మళ్లీ దించుతారు. 1859-60లో కట్టారు. 2005 వరద తర్వాత పక్కన కొత్త గేట్లతో పెంచారు గానీ, ఈ కర్రల పద్ధతి మాత్రం ఉంచేశారు. ఇప్పటికీ చేతుల్తోనే.

నిజం చెప్పాలంటే నా ప్లానులో దీనికి పెట్టిన టైము రెండు నిమిషాలు. అమ్మ కమ్మీ పట్టుకుని అలాగే నిలబడింది.

‘‘ఇది మా నాన్న పని’’ అంది.

తాతయ్య ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేసేవారని మాత్రమే నాకు తెలుసు. నేను పుట్టకముందే పోయారు. ఏ గుమాస్తానో అనుకునేదాన్ని.

‘‘లస్కరు. బందరు లాకుల దగ్గర. కాలవకి నీళ్లు వదలాలన్నా, ఆపాలన్నా ఆయనే. రాత్రి వానొచ్చిందంటే లాంతరు పట్టుకుని లేచిపోయేవాడు. మా అమ్మ ఆయనొచ్చేదాకా పడుకునేది కాదు. అరచేతులు ఎలా ఉండేవనుకున్నావ్? మా తల దువ్వితే జుట్టు చేతులకి అంటుకునేది.’’

‘‘మరి ఎప్పుడూ చెప్పలేదేమ్మా?’’

అమ్మ కాసేపు మాట్లాడలేదు. ‘‘పెళ్లిచూపుల్లో మీ నాన్నవాళ్లకి డిపార్ట్‌మెంట్ పేరు చెప్పారు, ఉద్యోగం పేరు చెప్పలేదు. ఆ తర్వాత ఇంక ఎవరికి చెప్పాలి? టీచరు నాన్న లస్కరేంటని నాకే సిగ్గుగా ఉండేదేమో’’ అంది. ఇంకాసేపాగి, ‘‘నువ్వు మాత్రం ఎప్పుడైనా అడిగావా?’’ అంది.

అడగలేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

బెజవాడలో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయింది 1855లో. ఇక్కడి సూదుల ఆనకట్టకి అది నాలుగైదేళ్లు అక్కలాంటిది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బ్యారేజీ మీద నేను లెక్కలేనన్ని సార్లు బండి మీద వెళ్లాను, రీల్స్ కూడా తీశాను. షట్టర్లు ఎవరు ఎత్తుతారన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఇక్కడేమో సూదుల ఆనకట్టని ఊరివాళ్లు బోర్డులు పెట్టి మరీ చూపిస్తున్నారు.

మేం అక్కడ అరగంటకి పైనే ఉన్నాం. చెర్రీలన్నీ అయిపోయాయి. ఒక కర్ర ఎంత బరువుంటుందో, నీళ్ల ఒత్తిడి మీద దాన్ని లాగాలంటే కాలు ఎక్కడ తన్నిపెట్టాలో అమ్మ నాకు చేత్తో చూపించి చెప్పింది. లెక్కల టీచరు కదా, ఒత్తిడి లోతుని బట్టి ఎలా పెరుగుతుందో కూడా చెప్పబోతే నేనే ఆపాను.

నిమిషం ముందు మోగే గంట

అక్కణ్నుంచి ఎక్కుడు. ఊరికి ఉత్తరాన కొండ అంచున మ్యూజెగ్ కోటగోడ ఉంది. పొడవు దాదాపు 870 మీటర్లు, తొమ్మిది బురుజులు. నాలుగింటిలోకి జనాన్ని రానిస్తారు. టికెట్ లేదు. ఏప్రిల్ నుంచి నవంబరు మొదటి రోజు దాకానే తెరిచి ఉంటుంది, చలికాలంలో వెళ్లేవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. లోపల మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఎక్కించకండి. అమ్మ కింద గడ్డి మీద, చెట్టు నీడలో బెంచీ చూసుకుని కూర్చుంది. నేనొక్కదాన్నే ‘జిట్’ బురుజు ఎక్కాను.

అది గడియారం బురుజు. హాన్స్ లూటర్ అనే ఆయన 1535లో చేసిన గడియారం. సరస్సు మీద పడవవాళ్లకి కూడా కనపడాలని అంకెలు అంత పెద్దవిగా రాశారు. ఊళ్లో మిగతా గంటలన్నిటికంటే ఒక్క నిమిషం ముందు కొట్టే హక్కు దీనికి ఉంది. పన్నెండు అవబోతుండగా నేను పైన ఉన్నాను. గంట కొట్టింది. అది ఆగిన కాసేపటికి కింద ఊళ్లో చర్చి గంటలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల కప్పులు, సరస్సు, అవతల 2,128 మీటర్ల పిలాటుస్ కొండ. (కొండ మీదకి పళ్లచక్రాల రైలుంది. టికెట్ ధర చూసి, కింద నుంచి కూడా బాగానే కనిపిస్తోందని సర్దిచెప్పుకున్నాం.) గోడ అవతలి వాలులో పశువులు మేస్తున్నాయి. ఇవతల బెంచీ మీద అమ్మ. ఇంత చిన్నగా కనిపించింది.

దిగొచ్చాక చూస్తే అమ్మ ఫోన్‌లో మా మావయ్యతో మాట్లాడుతోంది. తన ఇండియా సిమ్‌కి రోమింగ్ ఎంత పడుతుందో నేను చెప్పబోయాను. ‘‘...అవున్రా, అచ్చం అలాగే, చెక్కలు! నాన్న ఉంటే ఎంత బావుండేదిరా...’’ అంటోంది. నోరు మూసుకున్నాను.

పేర్లున్నవాళ్లు, లేనివాళ్లు

గోడ దిగి తూర్పుకి పదిహేను నిమిషాలు నడిస్తే సింహం. పాత రాతి గని గోడలో చెక్కిన, చనిపోతున్న సింహం. పొడవు పది మీటర్లు. ముందు ఓ చిన్న కొలను. డెన్మార్క్ శిల్పి థోర్‌వాల్డ్‌సెన్ నమూనా ఇస్తే, లూకాస్ ఆహోర్న్ 1820-21లో చెక్కాడు. వీపులో విరిగిన బల్లెం, పంజా కింద ఫ్రాన్స్ రాజచిహ్నం ఉన్న డాలు. మా వెనకే వచ్చిన గ్రూపులో ఒకబ్బాయి ‘‘పాపం లయన్‌కి ఏమైంది?’’ అని అడుగుతుంటే వాళ్ల నాన్న ‘‘నిద్రపోతోంది, ఫొటోకి నిలబడు’’ అన్నాడు.

నిద్ర కాదు. 1792 ఆగస్టు 10న పారిస్‌లో విప్లవకారులు రాజభవనం మీదకి వచ్చినప్పుడు, ఫ్రాన్స్ రాజుకి కాపలాగా ఉన్న స్విస్ సైనికులు వందల మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకం ఇది. ఆ దళంలో ఆఫీసరైన కార్ల్ ప్ఫూఫర్ అప్పుడు సెలవు మీద లూసర్న్‌లో ఉండి బతికిపోయాడు. ఈ స్మారకం కోసం తిరిగింది ఆయనే.

స్విస్ కుర్రాళ్లకి పారిస్‌లో ఏం పని? జీతం. ఇవాళ మనం డబ్బుకి మారుపేరుగా చెప్పుకునే ఈ దేశం వందల ఏళ్లపాటు కొండల్లో పంట చాలక, కొడుకుల్ని పరాయి రాజుల సైన్యాల్లోకి కూలికి పంపి బతికింది. నేను ఇది చెప్తుంటే అమ్మ నా వైపు ఒకలా చూసి, ‘‘అప్పుడు వీళ్లు పోయేవాళ్లు, ఇప్పుడు మీరొస్తున్నారు’’ అంది.

సింహం కింద రాతిలో ఏవో పేర్లు, రోమన్ అంకెలు ఉన్నాయి. నేను ఫోన్ తీసేలోపే అమ్మ చదివేసింది. ‘‘ఏడొందల అరవై. అటుపక్క మూడొందల యాభై.’’ చనిపోయినవాళ్లు సుమారు 760 మంది, బతికినవాళ్లు 350 అని ఆ లెక్క. ‘‘మరి ఈ పేర్లెవరివి?’’

‘‘ఆఫీసర్లవి.’’

‘‘మిగతావాళ్లవి?’’

‘‘నంబరే అమ్మా.’’

అమ్మ ఇంకేం అడగలేదు. కొలను గట్టు మీద కాసేపు కూర్చున్నాం.

తర్వాత జంట గోపురాల హోఫ్‌కిర్షె చర్చి చూశాం. 1633 అగ్నిప్రమాదంలో గోపురాలు మిగిలితే మధ్యలో చర్చిని మళ్లీ కట్టారు. ఇదీ కాలిందా అని అమ్మ ఆశ్చర్యపోలేదు, అలవాటైపోయింది. అక్కణ్నుంచి చెట్ల నీడలో సరస్సు ఒడ్డునే నడుచుకుంటూ, హంసలకి రొట్టె వేయబోయిన అమ్మని ఆపుతూ, ష్వానెన్‌ప్లాట్జ్‌కి వచ్చేశాం. టూర్ బస్సులు ఆగేది ఇక్కడే. వాచీల షాపులుండేదీ ఇక్కడే.

అప్పుడే ఓ బస్సు ఆగింది. దిగినవాళ్లలో సగం మంది మనవాళ్లే. అమ్మ చీర చూసి ఒకావిడ నేరుగా వచ్చేసింది. ‘‘తెలుగువాళ్లాండీ? మాకు నలభై నిమిషాలే ఇచ్చారు. ఇక్కడ ఏం చూడాలండీ?’’

చాపెల్ బ్రిడ్జి అటు అని చూపించడానికి నేను చెయ్యెత్తాను. అమ్మ నా చెయ్యి దించేసింది.

‘‘అదెలాగూ కనిపిస్తుందండీ. మీరు నది పట్టుకుని ఇలా తిన్నగా కిందికి వెళ్లండి, పది నిమిషాలు. ఇంకో చెక్క వంతెన వస్తుంది. దాని పక్కన కర్రల ఆనకట్ట ఉంటుంది, దాన్ని చూడండి. మాది బెజవాడ. మా నాన్న బందరు లాకుల దగ్గర లస్కరుగా చేసేవారు...’’

ఆవిడ వాచీ చూసుకుంది. అమ్మ మాత్రం చెప్తూనే ఉంది.